డాక్టరు చదువుకు ముందు నాలుగేళ్లు



ఫిబ్రవరి, మార్చి నెలలు వచ్చేసరికి అమెరికాలోని మన తెలుగు ఇళ్లలో ఏటా ఒకే మాట నలుగుతూ ఉంటుంది. పన్నెండో తరగతి పిల్లలకు కాలేజీల నుంచి కబుర్లు వచ్చే రోజులవి. కొందరికి సీటు ఇచ్చామన్న ఉత్తరంతో పాటు, మా హానర్స్ కాలేజీలో కూడా చేరమని ఇంకో ఉత్తరం వస్తుంది. హానర్స్ అంటే చిన్న సెమినార్లు, ఒక పరిశోధన థీసిస్ ఉండే ప్రత్యేక చదువు. పిల్లకేమో డాక్టరు కావాలని ఉంది. అప్పుడు అమ్మానాన్నలు నాలాంటి వాళ్లకు ఫోను చేస్తారు. "మేడమ్, హానర్స్‌లో చేరితే మెడికల్ సీటుకు పనికొస్తుందా? లేకపోతే లేనిపోని బరువు నెత్తికెత్తుకుని మార్కులు పోగొట్టుకోవడమేనా?" అని అడుగుతారు.

నేను ఇక్కడ ఒక పెద్ద స్టేట్ యూనివర్సిటీలో బయాలజీ చెబుతాను. డాక్టర్లు కావాలని వచ్చే పిల్లలు, అంటే ప్రీమెడ్ పిల్లలు, ఏటా వందల మంది నా తరగతుల్లో కూర్చుంటారు. వాళ్లలో కొందరికి హానర్స్ థీసిస్ కూడా దగ్గరుండి చేయిస్తాను. అందుకని నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను. మంచి హానర్స్ ప్రోగ్రామ్ దొరికితే వదులుకోవద్దు. దాని అసలు విలువ రెండు చోట్ల ఉంది. మీ అమ్మాయిని దగ్గరగా చూసిన ఒక ప్రొఫెసర్ ఉండటం ఒకటి. ఒకే ప్రశ్నను పట్టుకుని ఏడాది, రెండేళ్లు దాని వెంట తిరగడం రెండోది. పట్టా మీద అచ్చయ్యే హానర్స్ అన్న మాటను చూసి మురిసిపోయి సీటిచ్చే మెడికల్ కాలేజీని నేనింతవరకు చూడలేదు.

ఈ ప్రసంగం గుంటూరులోనో, వరంగల్‌లోనో ఉన్న తాతయ్యలు, అమ్మమ్మలు కూడా వింటూ ఉండవచ్చు. వాళ్ల కోసం ఇక్కడి పద్ధతి కాస్త చెప్పాలి. మన దగ్గర ఇంటర్ బైపీసీ, ఆ తర్వాత నీట్. 720 మార్కుల్లో ఎన్ని వచ్చాయి, ర్యాంకు ఎంత, కౌన్సెలింగ్‌లో ఏ కాలేజీ వచ్చింది, అంతే. పద్దెనిమిదేళ్లకే ఎంబీబీఎస్‌లో చేరిపోతారు. అమెరికాలో అలా కాదు. ముందు నాలుగేళ్ల డిగ్రీ చేయాలి. అది చరిత్రలోనైనా కావచ్చు, సంగీతంలోనైనా కావచ్చు. దానితో పాటు కెమిస్ట్రీ, ఆర్గానిక్ కెమిస్ట్రీ, బయోకెమిస్ట్రీ, ఫిజిక్స్, బయాలజీ వంటి కోర్సులు పూర్తి చేయాలి. ఎంక్యాట్ అని ఒక పరీక్ష రాయాలి. దాని స్కోరు 472 నుంచి 528 దాకా ఉంటుంది. ఆ తర్వాత దరఖాస్తు. అందులో నాలుగేళ్లలో ఏమేం చేశారో 15 అంశాలకు మించకుండా రాయాలి. వాటిలో మీ మనసుకు బాగా పట్టినవి మూడింటిని ఎంచి, వాటి గురించి ఇంకాస్త వివరంగా చెప్పాలి. డాక్టరు ఎందుకు కావాలనుకుంటున్నారో 5300 అక్షరాలు దాటకుండా ఒక వ్యాసం రాయాలి. ప్రొఫెసర్ల సిఫారసు ఉత్తరాలు కావాలి. ఇవన్నీ గట్టెక్కితే ఇంటర్వ్యూ.

2023లో ఎం.డి. పట్టా ఇచ్చే కాలేజీలకు 52 వేల పైచిలుకు మంది దరఖాస్తు పెడితే, చేరగలిగింది 23 వేల లోపే. చేరినవారి సగటు జీపీఏ, అంటే డిగ్రీ గ్రేడుల సగటు, 3.8కి దగ్గరగా, ఎంక్యాట్ సగటు 511, 512 దగ్గర ఉంటోంది. దరఖాస్తు పెట్టినవాళ్లలో సగానికి పైగా వెనక్కి తిరిగారన్నమాట. వాళ్లలో మంచి మార్కులున్నవాళ్లు కూడా ఎందరో. ఈ లెక్క తల్లిదండ్రులు ముందే తెలుసుకోవడం మంచిది. మార్కులు వాకిలి దాకా తీసుకెళ్తాయి. లోపలికి పిలవాలంటే, ఈ పిల్ల ఎలాంటి మనిషో చెప్పే సాక్ష్యం కావాలి.

ఆ సాక్ష్యం ఎక్కడ తయారవుతుందో చెప్పే ముందు, ఈ హానర్స్ చదువు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పనివ్వండి. దాని పుట్టుక తెలిస్తే దాని పని తెలుస్తుంది.

ఫ్రాంక్ ఏడలాట్ అని ఒకాయన ఉండేవారు. ఇండియానా రాష్ట్రంలో పుట్టి, రోడ్స్ స్కాలర్‌షిప్ మీద ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకున్నారు. అక్కడ విద్యార్థి వారం వారం ఒక వ్యాసం రాసుకుని ట్యూటర్ ఎదుట కూర్చుని చదవాలి. ఆయన అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పుకోవాలి. ఆ పద్ధతి ఏడలాట్ మనసులో నాటుకుపోయింది. 1921లో పెన్సిల్వేనియాలోని స్వార్త్‌మోర్ కాలేజీకి ప్రెసిడెంట్ కాగానే, మరుసటి ఏడాదే అక్కడ హానర్స్ చదువు మొదలుపెట్టారు. చివరి రెండేళ్లు మామూలు క్లాసుల బదులు చిన్న చిన్న సెమినార్లు. ఏడెనిమిది మంది పిల్లలు, ఒక ప్రొఫెసర్, బల్ల మీద పుస్తకాలు, గంటల తరబడి చర్చ. చివర్లో పరీక్ష పెట్టేది చదువు చెప్పిన గురువు కాదు, బయటి నుంచి వచ్చిన పండితులు. రాత పరీక్ష, ఆ తర్వాత ముఖాముఖి. ఈ బయటి పరీక్షకుల పద్ధతిని స్వార్త్‌మోర్ ఈనాటికీ వదల్లేదు. పరీక్షించేవారు వేరే అయినప్పుడు గురువు శిష్యుడి పక్కకు వచ్చి నిలబడతాడు. ఇద్దరూ కలిసి ఒక గట్టు ఎక్కుతున్నవాళ్లవుతారు. ఈ ఏర్పాటు నాకు ఎంతో ఇష్టం.

1957లో సోవియట్ యూనియన్ స్పుత్నిక్ ఉపగ్రహాన్ని పైకి పంపింది. అమెరికా ఉలిక్కిపడి, తెలివైన పిల్లలను మనం సరిగ్గా పట్టించుకుంటున్నామా అని ఆలోచనలో పడింది. ఆ రోజుల్లోనే కొలరాడో యూనివర్సిటీలో జోసెఫ్ కోహెన్ అనే ఫిలాసఫీ ప్రొఫెసర్, వేల మంది చదివే పెద్ద ప్రభుత్వ యూనివర్సిటీల్లో కూడా ఇలాంటి చదువు రావాలని దేశమంతా తిరిగి ప్రచారం చేశారు. 1966లో జాతీయ స్థాయిలో హానర్స్ కౌన్సిల్ ఏర్పడింది. అలా, ఖరీదైన చిన్న కాలేజీల్లోనే ఎక్కువగా దొరికే గురుసన్నిధి, స్టేట్ యూనివర్సిటీ ఫీజు కట్టే పిల్లలకు కూడా అందడం మొదలైంది. టెక్సాస్ యూనివర్సిటీలో ప్లాన్ టు అనే హానర్స్ చదువు ఇంకా ముందే, 1935లోనే ఉంది. న్యూయార్క్ నగర యూనివర్సిటీ 2001లో మెకాలే హానర్స్ కాలేజీ పెట్టి, ఆ రాష్ట్రపు పిల్లలకు ట్యూషన్ ఫీజు లేకుండా చదువు చెబుతోంది. హానర్స్ చదువులు డబ్బున్నవాళ్ల అలంకారాలు అనుకునే వాళ్లకు ఈ సంగతి చెబుతుంటాను.

ఇక మన పిల్ల సంగతి.

మా యూనివర్సిటీలో మొదటి ఏడాది బయాలజీ తరగతి సినిమా హాలంత ఉంటుంది. పై వరసలో కూర్చున్న అబ్బాయి ముఖం నాకు ఆనదు. వాడు తెలివైనవాడే, పరీక్షలో 'ఏ' గ్రేడు వస్తుంది. రెండేళ్ల తర్వాత వచ్చి, "ప్రొఫెసర్, నాకు మెడికల్ స్కూలుకు ఉత్తరం రాసిస్తారా?" అంటాడు. నేనేం రాయగలను? నా తరగతిలో ఉన్నాడు, మంచి గ్రేడు తెచ్చుకున్నాడు, క్రమం తప్పకుండా వచ్చాడు. ఆ మూడు వాక్యాలూ మార్కుల పత్రంలోనే ఉన్నాయి. నాకు నిజంగా బాధగా ఉంటుంది, ఎందుకంటే ఆ పిల్లవాడిలో ఇంకెంతో ఉండే ఉంటుంది. దాన్ని చూసే అవకాశం ఆ హాలు నాకు ఇవ్వలేదు.

హానర్స్ సెమినార్‌లో పదిహేను, ఇరవై మంది ఉంటారు. అక్కడ ఎవరూ దాక్కోలేరు. తన మాట తప్పని తేలినప్పుడు ఎవరు ముడుచుకుపోతారు, ఎవరు నవ్వి సర్దుకుంటారు, పక్కవాడు తడబడితే ఎవరు అందుకుంటారు, చదవకుండా వచ్చిన రోజు ఎవరు నిజం ఒప్పుకుంటారు, ఇవన్నీ ఒక సెమిస్టర్‌లో తేటతెల్లమవుతాయి. మెడికల్ కాలేజీల వాళ్లు ఉత్తరంలో వెతికేది సరిగ్గా వీటినే. రోగి ఎదుట కూర్చోబోయే మనిషి కదా.

థీసిస్ సంగతికి వస్తే ఒక అమ్మాయి గురించి చెప్పాలి. పేరు వద్దు. మన తెలుగమ్మాయే. రెండో ఏడాదిలో నా ప్రయోగశాలకు వచ్చింది. మేము జీబ్రా చేపల మీద పని చేస్తాం. వేలెడంత పొడవు కూడా ఉండదు, ఒంటి మీద నీలి చారలు. మన దేశపు వాగుల్లో, వరిమళ్ల నీళ్లలో తిరిగే చేపే అది. దాన్ని జన్యుశాస్త్రంలోకి తెచ్చిన ఘనత ఆరెగాన్ యూనివర్సిటీలోని జార్జ్ స్ట్రైసింగర్‌ది. ఆయన 1981లో వేసిన వ్యాసంతో లోకం దృష్టి ఈ చేప మీద పడింది. దీని పిండం గాజులా పారదర్శకంగా ఉంటుంది. గుడ్డు ఫలించిన ఒక రోజుకల్లా గుండె కొట్టుకోవడం మొదలవుతుంది. మామూలు మైక్రోస్కోపు కింద పెట్టి ఆ గుండెను కళ్లారా చూడవచ్చు. మొదటిసారి చూసిన పిల్లలు కాసేపు మాట్లాడరు.

ఆ అమ్మాయి పని, ఒక మందు ఆ పిండాల గుండె వేగాన్ని తగ్గిస్తుందా అని చూడటం. కొన్ని నెలలు గుడ్లు బతికించడం నేర్చుకోవడానికే పట్టింది. 28.5 డిగ్రీల వేడి తప్పకూడదు. చచ్చిన గుడ్డు తెల్లబడగానే తీసేయాలి, లేకపోతే గిన్నెలో నీళ్లన్నీ పాడై మిగతావి కూడా పోతాయి. ఆదివారమైనా, పరీక్షలైనా వచ్చి చూసుకోవాలి. చివరికి అంకెలు వచ్చాయి. మందు వేసిన పిండాల్లో గుండె నెమ్మదించింది. అందరం సంతోషించాం.

నెల తర్వాత తనే వచ్చి, "మేడమ్, ఒక అనుమానం," అంది. రోజూ ముందు మందు వేయని పిండాల గుండె లెక్కపెడుతోంది, ఆ తర్వాత మందు వేసినవాటివి. ఆ మధ్యలో గిన్నె మైక్రోస్కోపు కింద ఉండి ఉండి గది చల్లదనానికి వచ్చేస్తోంది. చేప ఒంటి వేడి నీటి వేడిని బట్టి ఉంటుంది, నీళ్లు చల్లబడితే గుండె దానంతటదే నెమ్మదిస్తుంది. అంటే మనం చూసినదాంట్లో మందు పని ఎంత, చలి పని ఎంత? ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఆమె మౌనంగా ఉండిపోతే థీసిస్ హాయిగా ఆమోదం పొందేది. ఆమె మళ్లీ మొదలుపెట్టింది. గిన్నె కింద వేడి చేసే పలక పెట్టి, ఏ గిన్నెలో మందుందో తనకే తెలియకుండా స్నేహితురాలి చేత అంకెలు వేయించి, మొత్తం లెక్క తిరిగి చేసింది. మందు పని చేస్తోంది గానీ, ముందు అనుకున్నంత కాదు. థీసిస్‌లో ఆ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టింది.

ఆమెకు నేను రాసిన ఉత్తరం దాదాపు రెండు పేజీలు వచ్చింది, ఒక్క విశేషణం కూడా వెతుక్కోనక్కర్లేకపోయింది. రేపు ఒక మందు కంపెనీ ప్రతినిధి మెరిసే పట్టిక తెచ్చి ముందు పెడితే, ఈ డాక్టరు "లెక్క ఏ వరసలో పెట్టారు?" అని అడుగుతుంది. అది పాఠం చెప్పి నేర్పేది కాదు. తన లెక్క తనే చెరిపేసుకున్న మనిషికి అబ్బుతుంది. ఇరవై ఏళ్ల వయసులో అలాంటి అవకాశం ఇచ్చే ఏర్పాటుకు నేను ఎంతైనా విలువ కడతాను. ఇంటర్వ్యూల్లో ఆమెను ఎక్కువగా అడిగింది కూడా ఆ వేడి పలక గురించేనట.

ఇంకో సంగతి. హానర్స్‌లో చేరితే చరిత్ర, తత్వశాస్త్రం, సాహిత్యం సెమినార్లు కూడా తీసుకోవాలి. ఇక్కడ మన ఇళ్లలో చాలా మందికి చిరాకు వస్తుంది. డాక్టరు కాబోయే పిల్లకు గ్రీకు నాటకాలెందుకు, ఆ టైములో ఇంకో బయాలజీ కోర్సు చేయవచ్చు కదా అంటారు. దయచేసి ఒకసారి ఎంక్యాట్ పేపరు తెరిచి చూడండి. నాలుగు భాగాల్లో ఒకటి పూర్తిగా చదివి అర్థం చేసుకోవడం మీదే. 90 నిమిషాల్లో 53 ప్రశ్నలు. కళ గురించో, నీతి గురించో, రాజకీయాల గురించో ఒక కష్టమైన వ్యాసభాగం ఇచ్చి, రాసినవారి ఉద్దేశం ఏమిటి, వాదనలో లోపం ఎక్కడ అని అడుగుతారు. సైన్సు ఒక్క ముక్క అక్కర్లేదు. లెక్కల్లో, కెమిస్ట్రీలో ఆరితేరిన మన పిల్లలు బోర్లాపడేది ఎక్కువగా అక్కడే. రెండు నెలల కోచింగ్‌తో అది రాదు. ఏళ్ల తరబడి కష్టమైన పుస్తకాలు చదివి, వాటి మీద మాట్లాడిన పిల్లలకు వస్తుంది. 2015 నుంచి మనస్తత్వశాస్త్రం, సమాజశాస్త్రం కూడా ఆ పరీక్షలో ఒక భాగమయ్యాయి.

న్యూయార్క్‌లోని మౌంట్ సైనాయ్ మెడికల్ స్కూలు 1987లో ఒక ధైర్యం చేసింది. సాహిత్యం, చరిత్ర వంటివి చదువుతున్న కాలేజీ పిల్లలకు, ఎంక్యాట్ లేకుండా, మామూలు ప్రీమెడ్ కోర్సులన్నీ చేయకుండానే, ముందుగా సీటు ఇవ్వడం మొదలుపెట్టింది. వాళ్లు తట్టుకోగలరా అని చాలా మంది అనుమానపడ్డారు. 2010లో ఆ స్కూలు వాళ్లే లెక్కలు బయటపెట్టారు. మెడికల్ స్కూల్లో ఆ పిల్లలు మిగతావాళ్లతో సమానంగా రాణించారు. రోగి చెప్పేది కథే కదా. ఎక్కడ మొదలుపెట్టాడు, ఏది దాటేశాడు, ఏ మాట దగ్గర గొంతు మారింది అని పట్టుకోగలిగిన డాక్టరు దగ్గరికే నేనైతే మా అమ్మను తీసుకెళ్తాను.

ఇంత చెప్పాను గనుక, ఎవరికి వద్దో కూడా చెప్పాలి.

చాలా హానర్స్ ప్రోగ్రాములు జీపీఏ 3.4, 3.5 కంటే తగ్గకూడదంటాయి. ప్రీమెడ్ పిల్ల దృష్టిలో పెట్టుకోవలసింది అంతకంటే ఎక్కువ. మొదటి ఏడాదే హానర్స్ కెమిస్ట్రీ, హానర్స్ కాల్క్యులస్, హానర్స్ బయాలజీ మూడూ కలిపి తీసుకుంటే, ఇంటికి దూరంగా వచ్చిన పద్దెనిమిదేళ్ల పిల్ల నలిగిపోతుంది. హానర్స్ ఆర్గానిక్‌లో తెచ్చుకున్న 'బి', హానర్స్ కాబట్టి 'ఏ' అవుతుందని ఆశించవద్దు. దరఖాస్తులో అది 'బి' గానే లెక్కకు వస్తుంది. సైన్సు కోర్సులు మామూలు తరగతిలో చేసి, సెమినార్లు, థీసిస్ హానర్స్‌లో చేసే వీలుంటే నా సలహా అదే.

కాలేజీ ఖర్చు కోసం వారానికి పాతిక గంటలు పని చేసే పిల్లలుంటారు. వాళ్లకు హానర్స్ వేసవి స్టైపెండ్ ఇస్తే సరే, ఇవ్వకపోతే మొహమాటం లేకుండా కాదనవచ్చు. పని చేసి చదువుకున్నామని రాసినా మెడికల్ కాలేజీలు గౌరవిస్తాయి. ఫిజీషియన్ అసిస్టెంట్ కావాలనుకునేవాళ్ల సంగతి వేరు. ఆ స్కూళ్లలో చాలావాటికి రోగులతో నేరుగా పనిచేసిన గంటలు వందల్లో కావాలి, కొన్నింటికి వెయ్యి కూడా దాటాలి. థీసిస్‌కు, అంబులెన్సు డ్యూటీకి మధ్య ఒకటి ఎంచుకోవలసి వస్తే, వాళ్లు అంబులెన్సు ఎక్కడమే మేలు. నర్సింగ్ పిల్లలకు ఆసుపత్రి డ్యూటీల టైమ్ టేబుల్ ముందే బిగిసి ఉంటుంది. హానర్స్ ఆఫీసు దానికి తగ్గట్టు సర్దుతుందో లేదో చేరకముందే అడగాలి.

పన్నెండో తరగతిలో హానర్స్ ఉత్తరం రాని పిల్లలు దిగులుపడనక్కర్లేదు. మొదటి ఏడాది గ్రేడులు చూసి చేర్చుకునే చోట్లు చాలా ఉన్నాయి. అది కూడా కాకపోతే, మూడో ఏడాదిలో బయాలజీ శాఖో, కెమిస్ట్రీ శాఖో సొంతంగా ఇచ్చే హానర్స్ ఉంటుంది. దానికి కావలసింది ఒక ప్రొఫెసర్ ఒప్పుకోవడం, ఒక థీసిస్ రాయడం. నేను ఇందాక చెప్పిన రెండు విలువలూ అందులోనూ ఉన్నాయి.

కాలేజీ చూడ్డానికి వెళ్లినప్పుడు హానర్స్ హాస్టలు గదులు, ముందుగా కోర్సులు ఎంచుకునే సౌకర్యం గురించి వాళ్లే చెబుతారు. మీరు ఇది అడగండి: మొదటి ఏడాది చేరినవాళ్లలో థీసిస్ పూర్తి చేసి బయటికి వెళ్లేవాళ్లు ఎంతమంది? మధ్యలో ఎంతమంది మానేస్తారు, ఎందుకు? జవాబు చెప్పడానికి తడుముకుంటే ఆ హానర్స్ పేరుకే ఉందని అర్థం. ప్రీమెడ్ పిల్లలకు సలహా చెప్పే మనిషికి హానర్స్ ఆఫీసు నంబరు నోటికి వస్తుందా, ఇద్దరూ ఎప్పుడైనా మాట్లాడుకుంటారా అని కూడా కనుక్కోండి.

చివరగా కాలం సంగతి. ఇక్కడ చాలా మంది పొరపడతారు. మెడికల్ దరఖాస్తు ఫారం మే మొదట్లో తెరుచుకుంటుంది, నెలాఖరుకల్లా పంపడం మొదలవుతుంది. డిగ్రీ అవగానే మెడికల్ స్కూల్లో చేరాలంటే మూడో ఏడాది అయిన ఆ వేసవిలోనే పంపాలి. థీసిస్ పూర్తయ్యేది నాలుగో ఏడాది ఏప్రిల్‌లో. అంటే థీసిస్ పూర్తికాకముందే దాని గురించి రాయగలగాలి, ప్రొఫెసర్ ఉత్తరం ఇవ్వగలగాలి. అందువల్ల ప్రయోగశాల వెతుక్కోవడం రెండో ఏడాది మొదట్లోనే జరిగిపోవాలి. నిదానంగా సాగాలనుకునేవాళ్లు ఒకటి రెండేళ్లు ఆగి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇప్పుడు మెడికల్ స్కూల్లో చేరుతున్నవాళ్లలో సగానికి పైగా అలా ఆగి వచ్చినవాళ్లే. ఏడాది వృథా అయిందని ఇండియాలో చుట్టాలు అంటే, ఇక్కడి సంగతి వేరని నచ్చచెప్పండి.

ప్రయోగశాలలో చోటు అడిగే ఈమెయిలు పొట్టిగా ఉండాలి. ఆ ప్రొఫెసర్ రాసిన వ్యాసం ఒక్కటైనా చదివి, అర్థం కాని చోటు గురించి ఒక ప్రశ్న అడగాలి. అలాంటి ఈమెయిలు వస్తే నేను ఆ రోజే జవాబిస్తాను. దాన్ని పిల్లలే రాయాలి. నాకు తల్లిదండ్రుల నుంచి కూడా ఈమెయిళ్లు వస్తుంటాయి. "మా అమ్మాయి మీ దగ్గర చేరాలనుకుంటోంది, దాని గ్రేడు ఎలా ఉంది?" అని. మీ ఆరాటం నాకు తెలుసు. అయినా 1974 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం, మామూలుగా విద్యార్థి ఒప్పుకోకుండా గ్రేడుల సంగతి నేను తల్లిదండ్రులకు చెప్పకూడదు. ఆ అమ్మాయిని నా ఆఫీసుకు పంపండి. మంగళవారం, గురువారం మధ్యాహ్నాలు తలుపు తీసే ఉంటుంది.